ఐర్లాండ్ పల్లెల్లో ఫ్యాక్షన్: అపోహలు, వాస్తవాలు

ఫ్యాక్షన్ అనగానే మనకు సీమ, నాటు బాంబులు గుర్తొస్తాయి. డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్పేటప్పుడు, 19వ శతాబ్దం మొదట్లో ఐర్లాండ్‌లో కర్రలతో కొట్టుకున్న ముఠాలకూ ఇదే మాట వాడేవాళ్లని చెప్తే ఆశ్చర్యపోతారు. ఆ వెంటనే అపోహలు మొదలు.

అపోహ: అవి మతకలహాలు.
వాస్తవం: ఉత్తరాన అల్‌స్టర్‌లో మతం గొడవలు జరిగాయి, అవి వేరు. దక్షిణాన మన్‌స్టర్‌లో కొట్టుకున్నది ఎక్కువగా క్యాథలిక్కులూ క్యాథలిక్కులే.

అపోహ: తాగి కొట్టుకోవడమే, వేరే కారణం లేదు.
వాస్తవం: తాగుడు ఉంది, కాదనను, కొట్లాటలు జరిగిందే సంతల్లో, జాతరల్లో. కానీ 1806-11 మధ్య మన్‌స్టర్‌ను కుదిపేసిన క్యారవాట్లు, షానవెస్టుల గొడవ చూడండి. క్యారవాట్లలో ఎక్కువమంది నిరుపేద కూలీలు, షానవెస్టుల వైపు కాస్త కలిగిన రైతులు, కౌలు, కూలి, తిండి ధరలు వీటి మీదే పోరంతా. ఇంకోచోట 'మూడేళ్లవాళ్లు', 'నాలుగేళ్లవాళ్లు' అని రెండు ముఠాలు, ఒక ఎద్దు వయసు దగ్గర మాటామాటా పెరిగి మొదలైందంటారు. ఎద్దు సాకు మాత్రమేనని నా నమ్మకం. ఆకలితో ఉన్నవాళ్లను ఒట్టి తాగుబోతులని తేల్చేస్తారు చూడండి, ఈ అపోహ మీదే నాకు ఎక్కువ కోపం.

అపోహ: పద్ధతీ పాడూ లేదు.
వాస్తవం: ఒకడు తన ముఠా పేరు అరుస్తూ, కోటు నేల మీద ఈడ్చుకుంటూ అటూ ఇటూ తిరిగేవాడు. దాన్ని తొక్కితే సవాలు ఒప్పుకున్నట్టే. బ్లాక్‌థార్న్ ముళ్లచెట్టు కర్రకు వెన్న రాసి పొగగొట్టంలో పెట్టి గట్టిపరిచేవాళ్లు, కొందరు దాని తలలో సీసం పోయించేవాళ్లు. ఆడవాళ్లు మేజోళ్లలో రాళ్లు వేసుకుని దిగేవాళ్లు.

అపోహ: ఆటలాంటిదే, ప్రాణాలు పోయేవి కావు.
వాస్తవం: 1834 జూన్ 24న కెర్రీలోని బాలీయా తీరంలో గుర్రప్పందేల రోజు. కూలీన్ ముఠా పడవల్లో క్యాషెన్ నది దాటి వచ్చి లాలర్, మల్విహిల్ వర్గం మీద పడింది. ఓడిపోయి వెనక్కి పరుగెత్తి పడవలెక్కితే బరువుకు పడవ తిరగబడింది, నీళ్లలో కొట్టుకుంటున్నవాళ్లను కూడా ఒడ్డు మీంచి రాళ్లతో, కర్రలతో కొట్టారు. సుమారు 20 మంది చనిపోయారు.

అపోహ: పోలీసులు రాగానే ఆగిపోయాయి.
వాస్తవం: 1836లో ఏర్పడిన పోలీసు దళం, ఫాదర్ మాథ్యూ మద్యపాన వ్యతిరేక ఉద్యమం కొంత తగ్గించిన మాట నిజమే. కానీ 1845లో బంగాళాదుంప తెగులుతో కరువొచ్చింది, కర్ర పట్టిన కూలీ కుటుంబాల్లో చాలామంది చనిపోయారు, మిగిలినవాళ్లలో ఎందరో అమెరికా ఓడలెక్కారు.