వలసజీవి ముఖం: ప్రదర్శనల వెనుక నడిచిన చరిత్ర

వలస వచ్చినవారిని, శరణార్థులను సాటి మనుషులుగా చూడని ధోరణిని ఎత్తిచూపే చిత్రకళా ప్రదర్శనలు ఇటీవల అనేక దేశాల్లో జరుగుతున్నాయి. కొడుకులను గల్ఫ్‌కు పంపిన జగిత్యాల, సిరిసిల్ల పల్లెలకు, ఒడిశా కూలీల రెక్కల కష్టంతో ఇటుక బట్టీలు నడిచే పెద్దపల్లికి ఈ విషయం పరాయిది కాదు.

అయితే మనుషులను కించపరచడానికీ ఒకప్పుడు ప్రదర్శనలే సాధనాలయ్యాయి. 1937 నవంబరులో నాజీలు మ్యూనిక్‌లో యూదులను సమాజానికి పట్టిన పీడగా చిత్రించే భారీ ప్రదర్శన పెట్టగా లక్షలాది మంది చూశారు. మరుసటి నవంబరులో జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి.

కెమెరా కూడా ఇలాంటి పనికే ఉపయోగపడింది. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు తరలిన ఒప్పంద కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. 1860ల నుంచి అక్కడి కూలీలు నంబరు వేసి, ఫొటో అతికించిన గుర్తింపు చీటీని వెంట ఉంచుకోవలసి వచ్చింది. అది లేకుండా రోడ్డు మీద కనబడితే పోలీసులు పట్టుకునేవారు. నిఘా కోసం తీసిన ఆ ఫొటోలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉండటంతో, మునిమనవలు ఇప్పుడు వాటిలోనే తమ పూర్వీకుల ముఖాలను వెతుక్కుంటున్నారు.

1943 బెంగాల్ కరువులో ఊళ్లు విడిచిన జనాన్ని చిత్రకారుడు చిత్తప్రసాద్ మేదినీపూర్ ప్రాంతంలో తిరుగుతూ గీశారు. ఎముకలు తేలిన శరీరాన్ని గీసి ఊరుకోకుండా, ఆ మనిషి ఎవరో, ఏం పోగొట్టుకున్నారో కూడా రాశారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ బొమ్మలు, రాతలతో వచ్చిన ‘హంగ్రీ బెంగాల్’ పుస్తకం ప్రతులను జప్తు చేసి తగలబెట్టింది. 2016లో చైనా కళాకారుడు ఐ వైవై, గ్రీసులోని లెస్బోస్ దీవిలో శరణార్థులు వదిలిన సుమారు 14,000 లైఫ్ జాకెట్లను బెర్లిన్ సంగీత మందిరపు స్తంభాలకు కట్టారు. విపత్తు ఎంత పెద్దదో ఆ గుట్ట చూపింది గానీ, ఒక్క ముఖాన్నీ చూపలేకపోయింది. ఈ విషయంలో చిత్తప్రసాద్ దారే గొప్పదని నా దృఢమైన అభిప్రాయం.

మన దగ్గరి చరిత్ర ఇంకా పచ్చిగానే ఉంది. 2020 మార్చిలో బరేలీలో, ఊళ్లకు తిరిగొచ్చిన కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి వారిపై క్రిమిసంహారక ద్రావణం చల్లారు. అదే ఏడాది మే నెలలో వరంగల్ శివారు గొర్రెకుంటలో, గోనె సంచులు కుట్టే చోట ఉన్న బావిలో తొమ్మిది మృతదేహాలు బయటపడ్డాయి. అవి హత్యలని తర్వాత తేలింది. మృతుల్లో బెంగాల్ నుంచి వచ్చి దాదాపు ఇరవై ఏళ్లు ఇక్కడే బతికిన కుటుంబం ఉంది. అయినా వార్తల్లో వారు వలస కూలీలుగానే మిగిలారు.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో మొదలైన సల్వాజుడుం హింస నుంచి తప్పించుకొని ఛత్తీస్‌గఢ్ నుంచి ములుగు, భూపాలపల్లి అడవులకు వచ్చిన గుత్తికోయ ఆదివాసులది మరో కథ. దేశ సరిహద్దు దాటలేదు కనుక వారు శరణార్థులు కారు; ఇక్కడ ఎస్టీలుగా గుర్తింపు దొరక్క, పోడు వివాదాల్లో గుడిసెలు కూలుతుంటే మళ్లీ మళ్లీ కట్టుకుంటున్నారు. వరంగల్‌లో ఇలాంటి ప్రదర్శన పెట్టేవారు గల్ఫ్ నుంచి వచ్చే శవపేటికల పక్కనే గొర్రెకుంటకూ, గుత్తికోయల గూడేలకూ చోటివ్వాలి.