సీరియల్ జడ్జి గారు, చీర కొంగులో పెన్‌డ్రైవ్

మా అత్తగారు చూసే సీరియల్లో మూడు వారాలుగా ఒక హత్య కేసు నడుస్తోంది. జడ్జి గారు సుత్తితో బల్ల మీద కొడతారు. సాక్షిని కసురుతారు. తీర్పు చదవబోయే సమయానికి కథానాయిక తలుపు తోసుకుని పెన్‌డ్రైవ్‌తో పరుగెత్తుకొస్తుంది. జడ్జి గారు కళ్లజోడు సర్దుకుని అది చూసి, అక్కడికక్కడే ముద్దాయిని వదిలేస్తారు. చూసినంతసేపూ బాగానే ఉంటుంది. మర్నాడు నా ఆఫీసుకు వచ్చే కక్షిదారులు ఆ జడ్జి గారినే మనసులో పెట్టుకుని రావడంతోనే చిక్కంతా. సెషన్స్ కోర్టులో పంతొమ్మిదేళ్లుగా ముద్దాయిల తరఫున నిలబడుతున్నాను. ఎంత చెప్పినా ఈ ఒక్క అపోహ పోవడం లేదు.

అపోహ: గట్టి సాక్ష్యం ఉంటే దాచి, ఆఖరి రోజున బయటపెట్టాలి.

వాస్తవం: ఈ మాట ముంచినన్ని కేసులు అవతలి వకీలు కూడా ముంచి ఉండడు. ముందు ప్రాసిక్యూషన్ సాక్షులు వస్తారు, వాళ్లను మేము క్రాస్ చేస్తాం, అంటే ఎదురు ప్రశ్నలు వేస్తాం. తర్వాత పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313 సెక్షన్ కింద (దాని స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 351) జడ్జి గారే ముద్దాయిని ప్రశ్నిస్తారు. ఆ పైన డిఫెన్స్ సాక్ష్యం, వాదనలు, తీర్పు. "ఆ సమయంలో నేను అక్కడ లేను" అని చెప్పుకునేవాడు ఆ సంగతి తనే రుజువు చేసుకోవాలి. ప్రాసిక్యూషన్ సాక్షులను క్రాస్ చేసేటప్పుడే ఆ మాట వాళ్ల ముందు పెట్టాలి. అన్నాళ్లూ నోరెత్తకుండా చివర్లో చెబితే, నిజమే అయినా అప్పటికప్పుడు అల్లిన కథలా వినిపిస్తుంది.

ఒక తల్లి సంగతి చెబుతాను. వాదనలు ముగిసి, కేసు తీర్పుకు వాయిదా పడ్డాక వచ్చింది. కొంగు ముడి విప్పి పెన్‌డ్రైవ్ తీసి నా బల్ల మీద పెట్టింది. హత్య జరిగిన రాత్రి కొడుకు వేరే ఊళ్లో టిఫిన్ హోటల్లో కూర్చుని దోసె తింటున్నాడు, సీసీ కెమెరాలో ఉంది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "ముందే చూపిస్తే అవతలివాళ్లు జాగ్రత్తపడతారని మా తమ్ముడు అన్నాడు మేడం గారూ. జడ్జి గారు చూస్తే వదిలేస్తారు కదా?"

ఆమె మీద కోపం రాలేదు. ఆ తమ్ముడి మీద మాత్రం వచ్చింది. జడ్జి గారు "నీ తరఫున సాక్షులు ఉన్నారా?" అని అడిగినప్పుడు ఆ కుర్రాడు "లేరు" అన్నాడు. నా పక్కనే, బోనులో నిలబడి. ఆ మాట స్టెనో టైపు చేశాడు, కింద కుర్రాడి సంతకం ఉంది.

తీర్పు వెలువడేలోగా ఏ దశలోనైనా సాక్షిని పిలిచే అధికారం కోర్టుకు ఉంది, 311 కింద (ఇప్పుడు 348). ఆ పిటిషనే వేశాను. జడ్జి గారు గొంతు పెంచలేదు, రెండే ప్రశ్నలు అడిగారు: ఇన్నాళ్లూ ఇది ఎక్కడుంది? సర్టిఫికెట్ ఏది? కాపీ చేసిన వీడియోకు పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ సర్టిఫికెట్ (అది ఏ పరికరం నుంచి, ఎలా తీసిందో చెప్పే పత్రం) ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో తేల్చింది. కొత్త సాక్ష్య చట్టంలో అది 63వ సెక్షన్, దానికి నిపుణుడి సంతకం కూడా కావాలి. మేం వెళ్లేసరికి ఆ హోటల్ చేతులు మారింది, పాత రికార్డింగ్ పెట్టె తూకానికి అమ్మేశారు. పిటిషన్ కొట్టేశారు, శిక్ష పడింది. ఇప్పుడు హైకోర్టులో అప్పీలుతో పాటు అదనపు సాక్ష్యం కోసం అడుగుతున్నాం.

కాబట్టి అరెస్టయిన వారంలోపే మీ వకీలుకు అంతా చెప్పండి. చాలా చోట్ల కెమెరా రికార్డింగ్ కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది.

మిగతా అపోహల సంగతి గబగబా చెబుతాను.

పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడు, ఇక ఉరే అని ఏడ్చేవాళ్లు ఎక్కువ. ఏడవకండి. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదు. ఆ మాటల వల్ల కత్తో నగో దొరికితే మాత్రం, దానికి సంబంధించినంత మేరకు చెల్లుతుంది. ఇక ఉరి అంటారా, సెషన్స్ జడ్జి వేసినా హైకోర్టు ఖాయం చేయనిదే అమలు కాదు.

భగవద్గీత మీద ప్రమాణం చేయించరు. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దైవసాక్షిగా అనో, మనస్సాక్షిగా అనో చెబితే చాలు.

చనిపోయినవారి కుటుంబం పెద్ద వకీలును పెట్టుకుంటే ఆయనే కేసు నడుపుతాడనుకుంటారు. నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూటర్. ఆ వకీలు పీపీ చెప్పుచేతల్లో ఉండాలి.

సుత్తి లేదు. మన కోర్టుల్లో ఎక్కడా వాడరు. ఈ మాట చెబితే మా అత్తగారు నమ్మలేదు. "మరి అంతమందిని నోరు మూయించేది ఎలాగమ్మా?" అన్నారు. జడ్జి గారు రాసుకుంటున్నది ఆపి, పెన్ను పక్కన పెట్టి, తలెత్తి చూస్తారు అత్తయ్యా. వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోతాయి. బెంచి గుమాస్తా కూడా కాగితాలు తిప్పడం ఆపేస్తాడు.