హీటర్ పోయిందట! చలిలో మొరాయించే డీజిల్ పికప్‌ల గురించి అపోహలు, వాస్తవాలు

జనవరిలో తెల్లవారకముందే నా ఫోను మోగిందంటే అవతల ఏం చెబుతారో నాకు ముందే తెలుసు. "అన్నా, బండి స్టార్ట్ కావడం లేదు. ఫ్యూయెల్ హీటర్ పోయిందట." కెనడాలోని ఎడ్మంటన్‌లో డీజిల్ పికప్‌లు బాగుచేసే పనిలో పడ్డాక ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టడం మానేశాను. విన్న ప్రతిసారీ నేను తిరిగి అడిగేది ఒకటే: సెల్ఫ్ కొట్టినప్పుడు సైలెన్సర్‌లోంచి పొగ వస్తోందా? వస్తే ఏ రంగులో?

సగం గొడవ మాటతోనే వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్న రోజుల్లో, స్టార్ట్ చేసేముందు సిలిండర్ లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్‌ను హీటర్ ప్లగ్ అనేవాళ్లం. "హీటర్ పోయింది" అంటే అక్కడ అందరికీ ఒకటే అర్థం. ఇక్కడి పికప్‌లో గోడ కరెంటుతో ఇంజన్‌ను వేడి చేసే బ్లాక్ హీటర్ వేరు, డీజిల్‌ను వేడి చేసే ఫ్యూయెల్ హీటర్ వేరు. గ్లో ప్లగ్‌లు ఉంటాయి, లేదా కమ్మిన్స్ 5.9 లాంటి ఇంజన్లలో వాటి బదులు గాలి దారిలో గ్రిడ్ హీటర్ ఉంటుంది. క్యాబిన్ హీటర్ సరేసరి. వీటిలో ఏది పోయినా మనవాళ్ల నోట "హీటర్" అనే వస్తుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఎవరో ఒకరు ఫ్యూయెల్ హీటర్‌కు బిల్లు రాసేస్తారు.

అపోహ: చలికి బండి స్టార్ట్ కాలేదంటే ఫ్యూయెల్ హీటర్ పోయినట్టే.

కాదు. ఇంజన్‌ను స్టార్ట్ చేయడం ఫ్యూయెల్ హీటర్ పనే కాదు. అది ఫిల్టర్ గిన్నెలోనో, దాని పక్కనో కూర్చుని ఉంటుంది. డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ కాగితాన్ని మూసేయకుండా చూడటం వరకే దాని బాధ్యత. చాలా బండ్లలో డీజిల్ 7 డిగ్రీల దగ్గరికి దిగితే దానంతటదే పనిలోకి దిగుతుంది, డీజిల్ కాస్త వేడెక్కాక ఆగిపోతుంది. అదీ తాళం తిప్పిన తర్వాతే. రాత్రంతా బండి నిలబడి ఉంటే అదీ చల్లగానే పడి ఉంటుంది. ట్యాంకును వేడి చేయదు, గొట్టాలను వేడి చేయదు, సిలిండర్లోని గాలితో దానికి సంబంధమే లేదు.

డీజిల్ అంటుకునేది గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికి. మైనస్ 30లో ఇంజన్ ఇనుము కూడా మైనస్ 30లోనే ఉంటుంది. నొక్కిన గాలి వేడినంతా ఆ గోడలే తాగేస్తాయి. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఇంకా ఎక్కువ తాగేస్తాయి. అందుకే పొగ సంగతి అడిగేది.

సెల్ఫ్ మూలుగుతూ తిరుగుతోందా? బ్యాటరీలు చూడండి, లేదా ఆయిల్ చిక్కబడింది. మైనస్ 18 దగ్గరే బ్యాటరీ బలం సగానికన్నా తగ్గిపోతుంది. ఈ బండ్లకు రెండు బ్యాటరీలు ఉంటాయి, ఒకటి పాడైతే రెండోదాన్ని కూడా లాగేస్తుంది, కాబట్టి విడదీసి ఒక్కొక్కటిగా పరీక్షించాలి. సెల్ఫ్ జోరుగా తిరుగుతూ తెల్ల పొగ వస్తోందా? సంతోషించండి, డీజిల్ సిలిండర్ దాకా వస్తోంది, అంటుకోవడం లేదంతే. వేడి చాలడం లేదు: గ్లో ప్లగ్‌లు గానీ, వాటికి కరెంటు పంపే రిలే గానీ, గ్రిడ్ హీటర్ గానీ, బ్లాక్ హీటర్ గానీ పోయి ఉండాలి. జోరుగా తిరుగుతున్నా పొగ చుక్క కూడా లేదంటే అప్పుడు మాత్రమే డీజిల్ రావడం లేదేమోనని ఫిల్టర్ వైపు నడవండి. ఇక స్టార్ట్ అయి, హైవే ఎక్కాక ఊపిరాడనట్టు వేగం పడిపోయి ఆగిపోతే అది మైనం. ఫ్యూయెల్ హీటర్‌ను అనుమానించాల్సిన సందర్భం అది.

రెండేళ్ల కిందట గుంటూరు వైపు నుంచి వచ్చిన కుర్రవాడొకడు ఇక్కడ పాత ఎనిమిది సిలిండర్ల పికప్ కొని, ఇళ్లు మారేవాళ్ల సామాను చేరవేసే పని పెట్టుకున్నాడు. మొదటి గట్టి చలికే బండి మొండికేసింది. ఒక షాపువాళ్లు ఫ్యూయెల్ హీటర్, ఫిల్టర్ గిన్నె మొత్తం మార్చాలన్నారు. ఇంటికి డబ్బు పంపాల్సిన నెల అది. అయినా కట్టాడు. మళ్లీ మైనస్ 31 వచ్చేసరికి కథ మొదటికొచ్చింది. నాకు ఫోను చేసినప్పుడు గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. పొగ ఏ రంగు అన్నాను. "తెల్లగా, ఆవిరిలా, దండిగా వస్తోందన్నా."

వెళ్లి మీటర్ పెట్టాను. ఎనిమిది గ్లో ప్లగ్‌లలో ఐదు చచ్చిపోయి ఉన్నాయి. డాష్‌బోర్డు మీద స్టార్ట్ చేయడానికి ఆగమనే దీపం మాత్రం చక్కగా వెలుగుతోంది. పాత బండ్లలో ఆ దీపానికీ ప్లగ్‌ల ఆరోగ్యానికీ సంబంధం ఉండదు. బ్లాక్ హీటర్ తీగను రోజూ శ్రద్ధగా గోడ ప్లగ్‌కు పెడుతున్నాడు పాపం. 1000 వాట్ల హీటర్‌కు మీటర్‌లో 14 ఓమ్‌ల చుట్టుపక్కల రావాలి. ఏమీ రాలేదు, లోపల ఎప్పుడో తెగిపోయింది. రెండూ మార్చినా మొదటి బిల్లులో మూడో వంతు కాలేదు. షాపువాళ్లు తీసిన పాత ఫ్యూయెల్ హీటర్‌ను అట్టపెట్టెలో దాచుకున్నాడు. ఆ చలిలోనే దాన్ని బ్యాటరీకి కలిపి చూశాను. చక్కగా వేడెక్కింది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

మీటర్ లేనివాళ్లకు ఒక సులువు: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బ్లాక్ హీటర్ ప్లగ్ పెట్టి బానెట్ దగ్గర చెవి పెట్టండి. కాసేపటికి టీ కెటిల్ మొదలైనట్టు సన్నగా బుసలు వినిపించాలి. ఇది అక్టోబరులో చేయాలి, జనవరిలో కాదు.

ఫ్యూయెల్ హీటర్ తప్పు చేయనే చేయదని కాదు. షార్ట్ అయితే ఫ్యూజును కొట్టేస్తుంది. కొన్ని పాత బండ్లలో దాని సీళ్లు ఎండి గాలి పడుతుంది. రాత్రికి డీజిల్ వెనక్కి జారిపోయి పొద్దున పొగ లేకుండా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. అయితే ఆ బండి ఆగస్టులో కూడా సతాయిస్తుంది.

అపోహ: ఫిల్టర్ మూసుకుపోతే అది గడ్డకట్టిన డీజిలే.

ఇక్కడ నేనూ పప్పులో కాలేసినవాణ్ణే. నా తొలి చలికాలం, ఆగిపోయిన బండికి ఫిల్టర్ మార్చి, మైనం కట్టిందని బండి యజమానికి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. మా షాపులో ఉక్రెయిన్ మూలాలున్న పెద్దాయన ఒకాయన ఉండేవారు. నేను పారేసిన ఫిల్టర్‌ను చెత్తబుట్టలోంచి తీసి, ఒక రేకు పళ్లెంలో పెట్టి హీటర్ పక్కన ఉంచి భోజనానికి వెళ్లిపోయారు. తిరిగొచ్చేసరికి పళ్లెం అడుగున డీజిల్ కింద నీళ్లు నిలిచి ఉన్నాయి. మైనం కాదు, మంచు! శరదృతువులో నీళ్లు వేరుచేసే గిన్నెను ఖాళీ చేయకపోవడం వల్ల జరిగింది. ఏమీ అనకుండా పళ్లెం నా బల్ల మీద పెట్టి వెళ్లారు.

నిజంగా మైనమే కట్టిన బండ్లు కూడా వస్తాయి, ఎక్కువగా పడమటి తీరంలోని వాంకూవర్ వైపు నుంచి. తీరంలో అమ్మే డీజిల్ అక్కడి వాతావరణానికి తగ్గది. ట్యాంకు నిండా అదే పోయించుకుని పర్వతాలు దాటి ఇటు వస్తే అది తెల్లబడుతుంది. ఇక్కడికి వచ్చేదాకా ఆగకుండా దారిలో మా ఆల్బర్టా రాష్ట్రపు బంకులో సగం ట్యాంకు పోయించుకోండి, చలికాలపు డీజిల్ కలుస్తుంది. గడ్డకట్టకుండా పోసే మందు, డీజిల్ ఇంకా పలచగా ఉండగానే ట్యాంకులో పడాలి. గడ్డకట్టాక అదే సీసా కుమ్మరిస్తే ఉపయోగం లేదు. కరిగించే మందు వేరే ఉంటుంది, లేదా బండిని వెచ్చని షెడ్డులోకి లాగాలి.

మిగతావి చకచకా చెప్పేస్తాను. వార్తల్లో గాలితో కలిపి మైనస్ 45 అన్నారని కంగారు పడకండి. గాలి ఇంజన్‌ను త్వరగా చల్లారుస్తుంది కానీ అసలు ఉష్ణోగ్రత మైనస్ 28 అయితే అంతకన్నా కిందికి దించలేదు. ఇంజన్ త్వరగా అంటుకోవాలని గాలి దారిలో కొట్టే ఈథర్ స్ప్రే: గ్లో ప్లగ్ గానీ గ్రిడ్ హీటర్ గానీ ఉన్న ఇంజన్లో కొట్టారంటే పేలుతుంది, దండం పెడతాను, వద్దు. డీజిల్‌లో పెట్రోలు కలపడం తాతల నాటి చిట్కా. డీజిల్‌ను గట్టి ఒత్తిడితో పంపే ఇప్పటి కామన్ రైల్ పంపుకు డీజిల్ జిడ్డే ప్రాణం, అది తగ్గితే పంపు పోతుంది. పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం, డీఈఎఫ్, మైనస్ 11కే గడ్డకడుతుంది, నిజమే, కానీ దానివల్ల బండి స్టార్ట్ కాకపోవడం ఉండదు. ఆ ట్యాంకుకు సొంత హీటర్ ఉంది, అందులో వేడినీళ్లు పోయకండి. బ్లాక్ హీటర్‌ను రాత్రంతా పెట్టడం కరెంటు దండగ, టైమర్ పెట్టి మూడు నాలుగు గంటలు ముందు ఆన్ అయ్యేలా చేస్తే చాలు.

మొన్న లంబసింగి నుంచి మా మేనమామ ఫోను చేశాడు. అక్కడ సున్నా దగ్గరికి దిగిందట, పికప్ పొద్దున్నే మొరాయిస్తోందట, లడఖ్‌లో వాడే డీజిల్ ఏదో ఉందటగా, తెప్పించాలా, లేకపోతే కెనడా నుంచి ఫ్యూయెల్ హీటర్ పంపుతావా అని అడిగాడు. ఆ డీజిల్ నిజమే, 2019లో ఇండియన్ ఆయిల్ తెచ్చింది, మైనస్ 33 దాకా గడ్డకట్టదు. కానీ అది లడఖ్ చలికి, మామయ్యా, నీకెందుకు అన్నాను. సెల్ఫ్ ఎలా తిరుగుతోందని అడిగితే మూలుగుతోందన్నాడు. బ్యాటరీ కొని ఎన్నేళ్లయింది అన్నాను.

ఏడేళ్లట.