ఆడుకుంటున్న బిడ్డకు రక్తం తక్కువా?

రెండు నెలల కిందట మా వీధి చివర అంగన్‌వాడీలో పిల్లలకు రక్తపరీక్షలు చేస్తున్నారంటే చూడడానికి వెళ్లాను. 14 నెలల బాబు ఒకడు అమ్మ ఒళ్లో కూర్చుని బిస్కెట్ కవరుతో ఆడుకుంటున్నాడు. బొద్దుగా ఉన్నాడు. ఏఎన్ఎం వాడి వేలిని స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, సన్నటి సూదితో గుచ్చింది. మొదటి చుక్క వస్తే తుడిచేసింది. రెండోదీ తుడిచేసింది. మూడో చుక్కను స్ట్రిప్‌కు అందించింది. కాసేపటికి చేతిలో ఇమిడే మీటరు మీద హిమోగ్లోబిన్, అంటే ఎర్రకణాల్లో ఇనుముతో తయారయ్యే పదార్థం, 9.2 అని పడింది.

"రక్తం తక్కువుందమ్మా, తొమ్మిదే ఉంది" అంటే ఆ తల్లి నమ్మలేదు. "అదేంటి మేడమ్, పొద్దస్తమానం ఆడుతూనే ఉంటాడు. పాలు కూడా బాగా తాగుతాడు, రోజుకు నాలుగైదు సీసాలు" అంది.

ముందు ఆ పాల సంగతి చూద్దాం. బిడ్డ కడుపులో ఉండగా, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, తల్లి నుంచి ఇనుము తీసుకుని దాచుకుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ నిల్వ దాదాపు 4 నుంచి 6 నెలలు వస్తుంది. నెలలు నిండకుండానో తక్కువ బరువుతోనో పుడితే అంతకన్నా ముందే అయిపోతుంది. తల్లిపాలలో ఇనుము కొంచెమే, కాకపోతే ఉన్నది ఒంటికి బాగా పడుతుంది. ఆరు నెలలు దాటాక మాత్రం తిండి నుంచి రావాల్సిందే. మన అన్నప్రాశన సరిగ్గా ఆ సమయానికే వస్తుంది. కానీ ఆ రోజు పాయసం నాకించి, మర్నాటి నుంచి మళ్లీ పాలతోనే సరిపెట్టే ఇళ్లు నాకు చాలా తెలుసు. ఆవు పాలైనా గేదె పాలైనా ఇనుము తక్కువే. పైగా పాలలోని కాల్షియం వేరే తిండిలోని ఇనుమును కూడా సరిగా పట్టనివ్వదు. నాలుగు సీసాలు తాగిన బిడ్డకు ఇక అన్నం ముద్ద ఎందుకు సయిస్తుంది? అందుకే ఏడాది దాటిన పిల్లలకు పాలు రోజుకు అర లీటరు దాటకుండా చూడమని డాక్టర్లు చెబుతారు. టీలో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటూ మంచిది కాదు. టీ కూడా ఇనుమును అడ్డుకుంటుంది.

ఇక ఆట సంగతి. రక్తం ఒక్కరోజులో తగ్గదు. నెమ్మదిగా తగ్గుతుంటే ఒళ్లు సర్దుకుంటూ పోతుంది, గుండె కాస్త ఎక్కువ పని చేసి నెట్టుకొస్తుంది. రోజూ చూసే కళ్లకు బిడ్డ పాలిపోతున్న సంగతి కనపడదు. బిడ్డ అరచేతిని పెద్దవాళ్ల అరచేతి పక్కన పెట్టి చూడమని ఆరోగ్య కార్యకర్తలకు నేర్పుతారు. రక్తం బాగా పడిపోయిన బిడ్డను పట్టుకోవడానికి అది పనికొస్తుంది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పాలిపోయిన చేతి పక్కన పాలిపోయిన చేయి పెడితే ఏం తేడా తెలుస్తుంది?

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. ఒంట్లో ఇనుము తగ్గడం మొదలైతే ముందు ఖాళీ అయ్యేది నిల్వ. దాన్ని ఫెరిటిన్ పరీక్ష చూపిస్తుంది. తర్వాత రక్తంలో తిరిగే ఇనుము తగ్గుతుంది. హిమోగ్లోబిన్ పడిపోయేది ఆఖరున. ఎందుకంటే, ఉన్న కాస్త ఇనుమును ఒళ్లు ముందు ఎర్రకణాలకే ఇస్తుంది. మెదడు వంతు ఆ తర్వాతే. నరాల మీద పొర ఏర్పడడానికి, మెదడులో సంకేతాలు మోసే రసాయనాలు తయారవడానికి ఇనుము కావాలి. మెదడు అన్నిటికన్నా వేగంగా పెరిగేది కూడా ఈ మొదటి రెండేళ్లలోనే. అంటే మీటరు మీద 9.2 అని పడేసరికి మెదడు కొన్నాళ్లుగా పస్తుంటున్నట్టే.

కోస్టారికాలో బెట్సీ లోజాఫ్ అనే పిల్లల డాక్టరు, ఆమె బృందం, పసితనంలో ఇనుము బాగా తగ్గిన పిల్లలను వాళ్లకు 19 ఏళ్లు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. మందులతో రక్తం సరైంది. అయినా ఆలోచనను కొలిచే పరీక్షల్లో తోటి పిల్లల కన్నా వెనకబడే ఉన్నారు. పేద ఇళ్ల పిల్లల్లో ఆ తేడా వయసుతో పాటు పెరిగింది కూడా. దీనికి ఇనుము ఒక్కటే కారణమని తేల్చలేం, పేదరికం వెంట ఇంకా చాలా వస్తాయి. అయినా ఆ ఫలితాల గురించి చదివాక, "ఆడుకుంటున్నాడు కదా, పెద్దయితే అదే సర్దుకుంటుంది" అనే మాట నా నోటి వెంట రాదు.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2010లో పిల్లలందరికీ ఏడాది వయసులో హిమోగ్లోబిన్ పరీక్ష చేయమంది. అక్కడే ఇంకో నిపుణుల బృందం 2015లో, ఏ లక్షణాలూ లేని పిల్లలకు ఈ పరీక్ష వల్ల మేలని చెప్పడానికి ఆధారాలు చాలవంది. లోపం కొద్దిమందిలోనే ఉండే చోట ఆ సందేహం సబబే. మన దగ్గర పరిస్థితి అది కాదు. అదే 2019-21 సర్వేలో, ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత దేశం మొత్తం మీద 67 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 70.

ఈ అంకెల్లో ఒక చిక్కుంది. 2016-18లో పిల్లల పోషణ మీద జరిగిన జాతీయ సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో వచ్చింది 41 శాతమే. కుటుంబ సర్వేలో వేలి చుక్క, పోషణ సర్వేలో సిర నుంచి తీసిన రక్తం. వయసులు, ఏళ్లు కూడా వేరు కాబట్టి తేడా అంతా చుక్కదే అనలేం, కానీ చుక్క పాత్ర చిన్నది కాదు. ఏడుస్తున్న పిల్లాడి వేలు సరిగా గుచ్చుకోక, రక్తం రాక, వేలిని పిండితే చర్మం కింది నీరు కూడా కలిసి వస్తుంది. చుక్క పలచబడి అంకె తప్పుతుంది. ఆ ఏఎన్ఎం రెండు చుక్కలు తుడిచి, పిండకుండా మూడోదాని కోసం ఎందుకు ఆగిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. తర్వాతి కుటుంబ సర్వే నుంచి రక్తహీనత పరీక్షను తీసేసి, సిర రక్తంతో కొలిచే వేరే సర్వేను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించారు.

ఎంత ఉంటే తక్కువ అన్న గీత కూడా మారింది. ఐదేళ్ల లోపు వాళ్లందరికీ డెసిలీటరు రక్తానికి 11 గ్రాముల హిమోగ్లోబిన్ అని ఉండేది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్ల లోపు పిల్లలకు దాన్ని 10.5 చేసింది. మన బాబు ఏ గీత ప్రకారం చూసినా కిందే ఉన్నాడు.

రక్తం తక్కువైన ప్రతి బిడ్డకూ ఇనుము లోపమే అనుకోకూడదు. బి12 తగ్గినా, తరచూ జబ్బు పడుతున్నా, తల్లిదండ్రుల నుంచి తలసేమియా అనే రక్త జబ్బు జన్యువు వచ్చినా ఇలాగే ఉంటుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో పుట్టుకతో వచ్చే సికిల్ సెల్ రక్త జబ్బును మరచిపోకూడదు. ఫెరిటిన్ చేయిస్తే తేలుతుంది కానీ, జ్వరమో ఇన్‌ఫెక్షనో ఉన్నప్పుడు చేస్తే అది లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అందుకే చాలామంది పిల్లల డాక్టర్లు ముందు ఐరన్ సిరప్ రాసి, నెల తర్వాత మళ్లీ పరీక్షిస్తారు. ఒక గ్రాము పెరిగిందా, లోపం ఇనుముదే. సరిగ్గా వేసినా పెరగలేదా, వేరే కారణం వెతకాలి.

అంగన్‌వాడీలో ఇచ్చే చిన్న సిరప్ సీసా 2018 నుంచి నడుస్తున్న అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలోది. మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఇనుము, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు. అది లోపం రాకుండా వేసేది. వచ్చాక వేసే డోసు వేరు, బిడ్డ బరువుకు కిలోకు రోజుకు 3 మిల్లీగ్రాములు, అదీ డాక్టరు చెప్పినట్టు. మలం నల్లగా రాగానే భయపడి సీసాను అటక మీద పడేసే ఇళ్లున్నాయి. ఆ నలుపు మామూలే. సీసా పిల్లలకు అందకుండా మాత్రం పెట్టాలి, తియ్యగా ఉందని ఎక్కువ తాగేస్తే ప్రాణం మీదికొస్తుంది.

మొన్న ఆ బాబును మళ్లీ తీసుకొచ్చారు. పాలు రెండు సీసాలకు తగ్గించి, పప్పన్నంలో తోటకూర మెదిపి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండి పెడుతోందట వాళ్లమ్మ. వారానికోసారి మేక కార్జం కూడా. నిమ్మరసంతో ఆకుకూరలోని ఇనుము బాగా పడుతుంది. ఈసారి మీటరు 10.9 చూపించింది. "సరిపోయింది కదా మేడమ్, ఇక సిరప్ ఆపేయనా?" అంది.

"అప్పుడే ఆపకమ్మా. రక్తంలోకి వచ్చింది గానీ నిల్వ ఇంకా నిండలేదు. డాక్టరు గారు ఇంకో రెండు నెలలు వేయమన్నారు" అంటూ ఏఎన్ఎం రిజిస్టర్లో తారీఖు రాసుకుంది.