ఫ్లోరైడ్ పట్టిన సీటు

"బోరు నీళ్లు బాగా కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుంది కదండీ?" అని నల్గొండ జిల్లా నుంచి ఒకరు అడిగారు. పోదు, పైగా పెరుగుతుంది. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఆవిరితో పాటు ఎగిరిపోయే సరుకు కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీళ్లు రెండు లీటర్లు తీసుకుని లీటరున్నర అయ్యేదాకా మరిగిస్తే అది దాదాపు 2కు చేరుతుంది. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1 దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సరే.

బళ్లో ఫ్లోరిన్ అనగానే ఋణవిద్యుదాత్మకత అన్నిటికంటే ఎక్కువ అని రాయించి మార్కులు వేసేస్తారు. అసలు సంగతి ఇంకోటి ఉంది. ఫ్లోరైడ్ అయాన్ (ఋణావేశమున్న ఫ్లోరిన్), హైడ్రాక్సిల్ అయాన్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంట) దాదాపు ఒకే సైజు, రెండింటికీ ఒకే ఋణావేశం. ఆర్టీసీ బస్సులో ఒకరు లేవగానే అదే ఒడ్డూపొడుగున్న ఇంకొకరు ఆ సీట్లో కూర్చున్నట్టు, ఒకదాని చోట ఇంకొకటి సరిగ్గా పడుతుంది. ఈ కథంతా ఆ సీటు గురించే.

మొదటి సీటు రాతిలో. నల్గొండ కింద ఉన్నవి గ్రానైట్, నైస్ రాళ్లు. వాటిలోని నల్ల అభ్రకంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట కొంత ఫ్లోరైడ్ కూర్చుని ఉంటుంది. ఆ నేలల్లో నీటిలోని కాల్షియం సున్నపు గడ్డలుగా మట్టిలోనే దిగబడిపోతుంది, నీళ్లలో సోడియం బైకార్బొనేట్ మిగిలి పీహెచ్ 8 వైపు జరుగుతుంది. అంటే హైడ్రాక్సిల్స్ పెరిగి అభ్రకంలోంచి ఫ్లోరైడ్‌ను లేపేస్తాయి. బయటికొచ్చిన ఫ్లోరైడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్‌గా కట్టిపడేద్దామంటే కాల్షియమే లేదాయె. అందుకే పప్పు మెత్తగా ఉడికి, సబ్బు నురగ బాగా వచ్చే 'మంచి' నీళ్లలోనే ఒక్కోసారి ఫ్లోరైడ్ ఎక్కువ. నాలుక్కి తెలియదు. పెన్ను లాంటి టీడీఎస్ మీటరుకూ తెలియదు, అది మొత్తం లవణాలను అంచనా కడుతుందే తప్ప అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు.

రెండో సీటు మన ఒంట్లో. పన్నుకూ ఎముకకూ గట్టిదనమిచ్చేది హైడ్రాక్సీ అపటైట్ అనే ఖనిజం, పేరులోనే సీటుంది. ఫ్లోరైడ్ కొద్దిగా ఎక్కితే పంటి పైపొర ఆమ్లానికి తొందరగా కరగదు, టూత్‌పేస్టులో కలిపేది అందుకే. కానీ పిల్లలకు పళ్లు తయారయ్యే వయసులో మోతాదు మించితే పైపొర సరిగ్గా గట్టిపడక తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు. ఏళ్ల తరబడి ఇంకా ఎక్కువ తాగితే ఎముక మందమవుతుంది, కీళ్ల దగ్గరి బంధనాలు కూడా ఎముకలా గట్టిపడతాయి, వెన్ను వంగదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు 1937లోనే వైద్య పత్రికకెక్కించారు. ఆ తర్వాత కూడా పూర్వజన్మ పాపమని పిల్లలకు తాయెత్తులు కట్టినవాళ్లున్నారు, పాపం మాత్రం బావిలో ఉంది.

నీళ్లకు వైద్యం కూడా ఆ సీటుతోనే. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన 'నల్గొండ టెక్నిక్'లో వాడేది పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. పటిక నీళ్లలో పడి అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలుగా విడుతుంది, తెట్టెల్లోని హైడ్రాక్సిల్ స్థానాలను ఫ్లోరైడ్ ఆక్రమించి వాటితో పాటు అడుక్కి పోతుంది. బురద నీళ్లు తేర్చడానికి తిప్పే పటిక ముక్క దీనికి చాలదు, లీటరుకు వందల మిల్లీగ్రాములు కావాలి. సున్నం పాళ్లు తప్పితే అల్యూమినియం నీళ్లలోనే మిగిలిపోతుంది. ఊళ్లలో ఇది నిలబడకపోవడానికి ఈ రోజువారీ లెక్కా, మిగిలే బురదా కారణం అని నా అభిప్రాయం. యాక్టివేటెడ్ అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ గుళికలు) ఫిల్టరులోనూ ఇదే పని. అది నిండాక కాస్టిక్ సోడా పోస్తే హైడ్రాక్సిల్స్ గుంపుగా వచ్చి ఫ్లోరైడ్‌ను మళ్లీ లేపేస్తాయి, నేల కింద అభ్రకంలో జరిగినట్టే!

వీటన్నిటికంటే నది నీళ్లు నయం, రాతితో అంతకాలం కాపురం చేయవు గనుక. మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వస్తుంటే, చప్పగా ఉన్నాయనో క్లోరిన్ వాసనొస్తుందనో తాగడానికి మళ్లీ బోరుకే పోతే ఆ పైపు వేసి లాభం లేదు. క్యాన్ నీళ్లు అమ్మే ఆర్ఓ ప్లాంటు ఫ్లోరైడ్‌ను బాగానే తీస్తుంది, కానీ తీసింది మాయం కాదు, వదిలేసే నీళ్లలో చిక్కబడుతుంది. ఆ పైపు ప్లాంటు వెనక గుంతలోకి పోతుంటే అది ఇంకేది మళ్లీ ఆ ఊరి నేలలోకే.