గొంతు క్యాన్సర్: మధ్యలో కరెంటు (రేడియేషన్) ఆపేసి ఇంటికెళ్లే ముందు ఇది చదవండి

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మనోళ్లు చాలామంది కరెంటు పెట్టించుకోడానికి విశాఖే వస్తారు, నేను ఆ మెషిన్ దగ్గర టెక్నాలజిస్టుని. మూడో వారం దాటిందంటే చాలు ఒకటే మాట, "గొంతు కాలిపోతంది బాబూ, ముద్ద దిగట్లేదు, ఓ పదిరోజులు ఇంటికెల్లి కోలుకుని వస్తాం".

అపోహ: గ్యాప్ ఇచ్చినా మిగతా సిట్టింగులు తర్వాత పెట్టించుకోవచ్చు.

వాస్తవం: దయచేసి ఆ పని చెయ్యకండి. కరెంటు కీమోతో కలిపి ఇచ్చేటప్పుడు మామూలుగా మొత్తం డోసు 70 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత), 35 సిట్టింగులు, వారానికి ఐదు చొప్పున ఏడు వారాలు. నాలుగో వారం వచ్చేసరికి మిగిలిన క్యాన్సర్ కణాలు ముందుకన్నా జోరుగా పెరుగుతాయి, కలుపు సగం తీసి వదిలేసిన మడిలాగ, అందుకే లాగిన ప్రతి రోజుకీ జబ్బు అదుపులోకొచ్చే అవకాశం సుమారు ఒక శాతం పైనే పోతుంది. జ్వరమొచ్చో మెషిన్ పాడయ్యో ఒకట్రెండు రోజులు పోతే శనివారం పెట్టో, రోజుకి రెండుసార్లు ఆరు గంటల తేడాతో పెట్టో సర్దుతాం, రెండు వారాలు పోతే ఏం సర్దగలం?

కాశీనగర్ దగ్గర రైతు ఒకాయన, నన్ను అల్లుడా అని పిలిచేవాడు, వరి కోతలని వెళ్లిపోయాడు. ఇంట్లోవాళ్లకి ఫోన్ మీద ఫోన్ చేశాం. వచ్చేసరికి ఆలస్యమైపోయింది, ఏడాది తిరక్కుండా జబ్బు మళ్లీ లేచి స్వరపేటిక మొత్తం తీసేయాల్సొచ్చింది. ఆ "అల్లుడా" అనే గొంతు నాకింకా చెవిలోనే ఉంది.

మంట నిజమే, ఎవరూ కాదనట్లేదు. కరెంటుతో పాటు ఇచ్చే కీమో మందు సిస్‌ప్లాటిన్ పనే రేడియేషన్ దెబ్బని పెంచడం, కాబట్టి పుండ్లు కూడా ఎక్కువవుతాయి, కోర్సు అయ్యాక కొన్ని వారాల్లో చాలావరకు మానతాయి. నొప్పి మందు అడగండి, ఉప్పు, వంటసోడా నీళ్లతో పుక్కిలించండి, అంబలి, పాలు, మెత్తటి గుడ్డు పెట్టండి. ముక్కులోంచి పైపేస్తే మనిషి పనైపోయిందని భయపడొద్దు అమ్మా, కోర్సు ఆగకుండా బలం నిలబెట్టేది ఆ పైపే, మింగగలిగాక తీసేస్తారు.

"పక్క బెడ్డాయనకి కీమో ఇచ్చారు, మాకెందుకివ్వరు?" స్వరపేటికలో గడ్డ చిన్నగా ఉండి మెడ గ్రంథులకి పాకకపోతే కరెంటు ఒక్కటో, లేజర్ ఆపరేషన్ ఒక్కటో మామూలుగా సరిపోతుంది, కీమో కలిపితే కిడ్నీకి, చెవికి దెబ్బ తప్ప లాభం లేదు.

కీమో కలిపారంటే చివరి స్టేజీ అని కాదు. మూడు, నాలుగు స్టేజీల్లో కూడా చాలామందికి నయం చేద్దామనే ఇస్తారు. బయాప్సీ చేస్తే పాకేస్తుందనేది పుకారు. మెషిన్ కరెంటు ఒంట్లో మిగలదు, మనవల్ని హాయిగా ఎత్తుకోవచ్చు. చుట్ట, గుడాకు (పళ్లకి రుద్దే పొగాకు పేస్టు) మాత్రం కోర్సులో కూడా మానకపోతే వైద్యం సరిగా పనిచేయదు.

కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, ఊపిరి తీస్తుంటే శబ్దం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.