గడియారంలో గిన్నె

చిన్నూకి, పండూకి, ఇంట్లో పిల్లలందరికీ,

మొన్న పెళ్లిలో సరిగ్గా జీలకర్ర బెల్లం టైముకి పండు నా చెవిలో అడిగాడు, "తాతయ్యా, పంతులు గారు ఫోన్ చూసి ముహూర్తం చెప్తున్నారు కదా, ఫోన్లు, గడియారాలు లేనప్పుడు ఎలా తెలిసేది?" అని. ఆ బాజాల్లో చెప్పడం కుదర్లేదు, అందుకే ఈ ఉత్తరం.

బియ్యం ఎలా కొలుస్తాం? మానికతో. ఎన్నిసార్లు నిండిందో లెక్కపెడతాం, అంతే కదా. కాలాన్నీ అచ్చం అలాగే కొలిచారు. ఇక్కడ మానిక ఏంటంటే ఒక రాగి గిన్నె, దాని అడుగున సన్న చిల్లు. గంగాళం నీళ్ల మీద దాన్ని వదిలితే చిల్లులోంచి నీళ్లు ఊటలా పైకి ఊరి, ఊరి, అంచు దాకా వచ్చి గుడుక్కున మునిగిపోతుంది. అలా మునగడానికి పట్టేదే ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు. తీసి, ఒంపేసి, మళ్లీ వదలాలి. రోజంతా కలిపి 60 సార్లు మునిగేలా చిల్లు ఉండాలని సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలోనే ఉంది. చిల్లు కొంచెం పెద్దదైందా, అది దొంగ మానికే! పెళ్లి రోజు పొద్దు పొడవగానే గిన్నె వదిలి, పంతులు గారు చెప్పిన ఘడియ వచ్చేదాకా లెక్కపెట్టేవాళ్లు.

మా నాన్న కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు "ఒకటి" అనేవారు కాదు, "లాభం" అని మొదలుపెట్టి తర్వాత రెండు, మూడు అనేవారు. నేను పక్కన కూర్చుని ఒక్కో మానికకీ ఒక చింతగింజ పక్కన పెట్టేవాణ్ణి. ఓసారి నాకు కునుకు పట్టి గింజ పెట్టడం మర్చిపోతే నాన్న ఏమీ అనకుండా రాశి మొత్తం మళ్లీ కొలిచారు. ధాన్యం కాబట్టి ఆగింది, గిన్నె దగ్గర కూర్చున్న మనిషికి ఆ వీల్లేదు, వాడు కునికితే ఆ ఘడియ పోయినట్టే. ఒప్పుకున్న పని దగ్గర మెలకువగా ఉండడం నేను అక్కడే నేర్చుకున్నా పిల్లలూ.

గిన్నె మునిగినప్పుడల్లా కంచు పళ్లెం మీద కొట్టేవాళ్లు. దాదాపు 500 ఏళ్ల కింద బాబరు చక్రవర్తి ఇది చూసి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. జాము, అంటే దాదాపు మూడు గంటలు, మారగానే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేది కాబట్టి రాత్రి మెలకువ వచ్చినోడికి మూడు దెబ్బలు వినపడితే ఏ జాములో మూడో తెలిసేది కాదట, అందుకని ఘడియలు కొట్టాక కాస్త ఆగి జాము లెక్క కూడా కొట్టమన్నాడు.

ఇంకో సంగతి చెప్తా. సంస్కృతంలో ఘటి అంటే చిన్న కుండ. అదే ఘటిక అయింది, ఘడియ అయింది, గడియారం అయింది. మీ గోడ మీద సెల్లుతో తిరిగే దాని పేరులో ఇప్పటికీ ఆ గిన్నే ఉంది! గంట అన్న మాట కూడా అంతే, మోగే గంటే టైము అయిపోయింది. నాకైతే ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు ఝల్లుమంటుంది.

ఆదివారం ఒక పాత స్టీలు గిన్నె అడుగున మీ నాన్నతో మేకుతో చిల్లు పెట్టించుకుని బకెట్లో వదలండి. ఎంతసేపట్లో మునిగిందో మూడుసార్లు చూసి రాసి పంపండి. మునిగే ముందు అంచు మీద నీళ్లు ఒక్క క్షణం ఉబ్బి ఆగుతాయి, అది మాత్రం మిస్ అవ్వకండి.

మీ తాతయ్య